పెదనాన్న ఇంట్లో ఉండిపోయిన నా సర్టిఫికెట్లు, బంగారం ఎలా తెచ్చుకోవాలి?

ప్రశ్న: అమ్మానాన్న ఇద్దరూ పోయాక నాలుగేళ్లు పెదనాన్న వాళ్లింట్లో ఉన్నాను. నేనొక్కదాన్నే సంతానం. ఉద్యోగం విషయంలో గొడవై, రెండు నెలల క్రితం ఒక్క బ్యాగుతో హాస్టల్‌కి వచ్చేశాను. టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్, పాస్‌పోర్ట్, ల్యాప్‌టాప్, అమ్మ బంగారం, పాత ఫొటో ఆల్బమ్‌లు అన్నీ అక్కడే ఉండిపోయాయి. అడిగితే "నీ మీద పెట్టిన రెండు లక్షలు కట్టి తీసుకుపో" అంటున్నారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్, ఇంట్లో మాట్లాడుకోండమ్మా" అని పంపేశారు. నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీరు చెప్పిన దాంట్లో రెండు తగాదాలున్నాయి. ఒకటి మీ వస్తువులది. రెండోది ఆయన పెట్టానంటున్న రెండు లక్షలది. మీ పెదనాన్న ఈ రెంటినీ కలిపి ముడేశారు. మీరు కూడా ఫోన్లో "అంత ఎక్కడ పెట్టారు, లెక్క చెప్పండి" అని వాదించి ఉంటారు. అలా వాదించిన ప్రతిసారీ ఆ ముడి ఇంకాస్త బిగుస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా జూనియర్ సివిల్ కోర్టుల్లో ఇలాంటి కేసులు చూస్తున్నాను. వస్తువుల సంగతి వస్తువులుగా, డబ్బు సంగతి డబ్బుగా విడదీసి మాట్లాడినవాళ్లకు పని త్వరగా అయింది.

అసలు బాకీ ఉంటే మాత్రం ఇంకొకరి వస్తువు పట్టుకుని కూర్చోవచ్చా? 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దీనికి జవాబు చెప్పింది. ఒక వస్తువు మన దగ్గర ఉందని, దాంతో సంబంధం లేని పాత బాకీ కింద దాన్ని ఆపుకునే హక్కు సెక్షన్ 171 ప్రకారం కొందరికే ఉంది. బ్యాంకర్లు, సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు, రేవులో సరుకు దాచేవాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. ఇంకెవరికైనా ఆ హక్కు కావాలంటే ముందే స్పష్టమైన ఒప్పందం ఉండాలి. పెదనాన్నలు ఆ వరసలో లేరు. సెక్షన్ 170 అని ఇంకొకటి ఉంది. వాచీ బాగుచేసినవాడు తన కూలి ముట్టేదాకా ఆ వాచీని ఆపుకోవచ్చు అనే తరహాది. మీ డిగ్రీ మెమో మీద ఆయన రిపేరు పనేమీ చేయలేదు కదా.

ఆయన నిజంగానే మీకు అప్పుగా ఇచ్చి ఉంటే, ఉదాహరణకు ఫీజు కట్టి "ఉద్యోగం వచ్చాక ఇచ్చెయ్" అని, మీరు సరేనని ఉంటే, అది వేరే సంగతి. ఆ డబ్బు కోసం ఆయన దావా వేసుకోవచ్చు. మీకూ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ బ్యాంకు ద్వారా, వస్తువులతో లింకు పెట్టకుండా. అన్న కూతురినో తమ్ముడి కూతురినో ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన ఖర్చుకు తర్వాత బిల్లు వేస్తే కోర్టులో నిలబడటం కష్టం. అయినా నాలుగేళ్లు నీడ ఇచ్చిన మనిషి అన్నది మర్చిపోకుండా, నోటీసులో భాష మర్యాదగా ఉంచండి. ఇది నీతి కోసం చెప్పడం లేదు. ఆ కాగితం రేపు జడ్జి చదువుతారు.

ఇప్పుడు వస్తువులు. వాటన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మీరు చెప్పినవి మూడు రకాలు: నకలు తెచ్చుకోగలిగినవి, వెల కట్టగలిగినవి, వెల కట్టలేనివి.

నకలు తెచ్చుకోగలిగినవాటి విషయంలో ఆయన చేతిలో ఉన్న పట్టు మీరు అనుకున్నంత లేదు. ఆధార్‌ను ఆన్‌లైన్‌లో దించుకోవచ్చు, పాన్ కూడా అంతే. మార్కుల మెమోలు చాలా బోర్డులవి, యూనివర్సిటీలవి డిజీలాకర్‌లో ఉంటాయి. అక్కడ జారీ అయిన పత్రాన్ని ఒరిజినల్‌తో సమానంగా చూడాలని కేంద్రం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద చేసిన నియమాల్లోనే ఉంది. ఉద్యోగంలో చేరడానికి గడువు దగ్గర పడితే ముందు అవి చూపించి, ఒరిజినల్స్‌కి కొంత టైమ్ అడగండి. టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది చేసే ఒక పొరపాటు చెప్పాలి. డూప్లికేట్ సర్టిఫికెట్ త్వరగా వస్తుందని స్టేషన్‌లో "బస్సులో పోయాయి" అని కంప్లైంట్ రాసిస్తారు. మీరు ఆ పని చేయొద్దు. అవి ఎక్కడున్నాయో మీకు తెలుసు. ఒక కాగితంలో పోయాయని, ఇంకో కాగితంలో పెదనాన్న బీరువాలో ఉన్నాయని రాస్తే, అవతలి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడిగేది అదే. ఒక అబ్బాయి కేసులో ఇదే జరిగింది. సర్టిఫికెట్ల వరకే అబద్ధం ఆడాడు, కానీ బంగారం విషయంలో చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మలేదు.

పాస్‌పోర్ట్ సంగతి వేరు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 17 ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. మీది కూడా కాదు, ఇక మీ పెదనాన్నది ఎలా అవుతుంది? పోలీసులు దాన్ని పట్టుకున్నా తమ దగ్గరే ఉంచేసుకోలేరని, ఇంపౌండ్ చేసే, అంటే జప్తు చేసి తమ దగ్గర ఉంచుకునే, అధికారం పాస్‌పోర్ట్ అధికారిదేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకే లేని అధికారం ఇంటి పెద్దకు ఉండదు. నోటీసులో పాస్‌పోర్ట్‌కు విడిగా ఒక పేరా పెట్టించండి. చాలామంది అది చదివి ముందు పాస్‌పోర్ట్ పంపేస్తారు.

బంగారం దగ్గర మొదటి ప్రశ్న, అది ఎవరిది? మీ అమ్మగారు వీలునామా రాయకుండా పోయారనుకుంటే, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం ఆవిడ సొమ్ము ముందు పిల్లలకు, భర్తకు వెళ్తుంది. నాన్నగారు అంతకుముందే పోయి ఉంటే, ఒక్కతే సంతానం కాబట్టి మొత్తం మీదే. నాన్నగారు తర్వాత పోయి ఉంటే ఆయన వాటా లెక్క వేరుగా చూడాలి. నాన్నగారి తల్లి, అంటే మీ నాయనమ్మ, అప్పటికి ఉంటే ఆ వాటాలో ఆవిడకూ భాగం వస్తుంది. ఎవరు ముందు పోయారో మీరు రాయలేదు. మరణ ధ్రువపత్రాలు రెండూ చూసుకోండి. ఏ లెక్కలో చూసినా, మీరుండగా మీ అమ్మానాన్నలకు పెదనాన్న నేరుగా వారసుడు కాడు.

ల్యాప్‌టాప్, ఫోన్ లాంటివి ఆయనే కొనిచ్చి ఉంటే? ఇచ్చేసి, మీ చేతికి అందించి ఉంటే అది బహుమతి. కదిలే వస్తువుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అప్పగిస్తే చాలు. స్కూటీ మీరు నడిపినా ఆర్సీ ఆయన పేరు మీద ఉంటే మాత్రం దానికోసం పోరాడకండి. మీ గదిలో ఉన్న మంచం, టేబుల్ ఆయన కొన్నవైతే వాటిని లిస్టులో కలపకండి. ఒక్క తప్పుడు వస్తువు కలిపితే మొత్తం లిస్టు మీద అనుమానం వస్తుంది. అలాగే వాళ్ల ఇంటి తాళం చెవి, వాళ్ల పేరు మీదున్న ఏటీఎం కార్డు, వాళ్ల సిమ్ ఏదైనా మీ బ్యాగులో వచ్చేసిందేమో చూడండి. వాటిని ముందే తిరిగి పంపించి రసీదు పెట్టుకోండి. "మా వస్తువులు మీ దగ్గరున్నాయి" అని వాళ్లు అనే అవకాశమే ఉండకూడదు.

ఇప్పుడు లిస్టు ఎలా రాయాలో చెప్తాను. దీని మీద ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. వకీలు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "బంగారం, బట్టలు, సర్టిఫికెట్లు" అని ఒక లైను రాసుకొస్తారు. దాంతో ఏ కోర్టూ ఏమీ చేయలేదు. ఆ ఇంట్లోకి కోర్టు ఆదేశం అమలు చేసే అమీనాను పంపినా ఏ బంగారం తీయాలో ఆయనకు తెలియదు. కొన్నేళ్ల క్రితం ఒకామె తెచ్చిన లిస్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో ఒక వస్తువు ఇలా ఉంది: "నల్లపూసల గొలుసు ఒకటి, సుమారు 18 గ్రాములు, లాకెట్‌లో ఎర్ర రాళ్లు అయిదుండాలి, ఒకటి ఊడిపోయింది. వెనక పడగ్గదిలో బీరువా రెండో అరలో నీలం రంగు స్టీలు డబ్బాలో ఉంటుంది. అమ్మ మెడలో ఈ గొలుసు మా పిన్ని పెళ్లి ఫొటోలో కనిపిస్తుంది." ఆ ఒక్క ఊడిపోయిన రాయి ఆ కేసును నిలబెట్టింది. అవతలివాళ్లు "ఆ గొలుసు మేం కొన్నదే" అని బిల్లు తెచ్చారు. బిల్లులో అయిదు రాళ్లున్నాయి, కోర్టు చూసిన గొలుసులో నాలుగే.

మీరూ అలాగే రాయండి. వస్తువు, గుర్తు, సుమారు బరువు లేదా వెల, ఇంట్లో ఎక్కడ ఉంటుంది, మీదని చెప్పే ఆధారం ఏమిటి. ఆధారం అంటే బిల్లే ఉండాలని లేదు. అమ్మ ఆ నగ పెట్టుకున్న పెళ్లి ఫొటో, బంగారం ఎప్పుడైనా తాకట్టు పెట్టి ఉంటే ఆ లోన్ రసీదు, ల్యాప్‌టాప్ ఆర్డర్ ఈమెయిల్, దాని సీరియల్ నంబరు, ఇవన్నీ పనికొస్తాయి. అన్నిటికన్నా మీ పెదనాన్న, పెద్దమ్మ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ముఖ్యం. "డబ్బులు కట్టి తీసుకుపో" అని ఆయన మెసేజ్ పెట్టి ఉంటే, వస్తువులు తన దగ్గర ఉన్నాయని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి, మార్చినా పాతది దాచండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువీకరణ జత చేయాలి, అది వకీలు చూసుకుంటారు.

లిస్టు అయ్యాక నోటీసు. వకీలు చేత పంపిస్తే బరువు ఎక్కువ, కానీ మొదటి ఉత్తరం మీరే రాసినా చెల్లుతుంది. నేనైతే మొదట మిమ్మల్నే రాయమంటాను. వకీలు నోటీసు చూడగానే కొంతమంది పెద్దవాళ్లకు రోషం పొడుచుకొస్తుంది. "పెదనాన్నా, ఫలానా తేదీన వచ్చేశాను. కింద రాసినవి నావి, మీ ఇంట్లో ఉన్నాయి. 15 రోజుల్లో ఫలానా ఆదివారం ఉదయం వచ్చి తీసుకుంటాను, కుదరకపోతే మీకు వీలైన రోజు చెప్పండి. ఖర్చుల విషయం విడిగా మాట్లాడుకుందాం." అంతే. పాత గొడవలు ఒక్క వాక్యం కూడా వద్దు. రిజిస్టర్డ్ పోస్ట్ 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది కాబట్టి, డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్ట్‌లో పంపండి, అదే ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఆయన కవరు తీసుకోకుండా తిప్పి పంపినా ఫర్వాలేదు. సరైన అడ్రస్‌కు వెళ్లి తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే దాచండి. అందినట్టే లెక్క వేసుకునే అవకాశం కోర్టుకుంది.

ఈ ఉత్తరం వల్ల ఇంకో పని కూడా జరుగుతుంది, గడియారం మొదలవుతుంది. దాచమని ఇచ్చిన వస్తువు కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు 3 ఏళ్లు. అడిగాక అవతలివాళ్లు కాదన్న రోజు నుంచి లెక్క. మీ వస్తువులకు ఆ చట్టంలోని ఏ ఆర్టికల్ వర్తిస్తుందనే దాని మీద రేపు వాదన వస్తుంది కాబట్టి, ఆయన ఫోన్లో మొదటిసారి ఇవ్వనన్న రోజు నుంచే 3 ఏళ్లు వేసుకోండి. మీకు రెండు నెలలే అయింది, కంగారు లేదు. "పెద్దమనుషులు మాట్లాడుతున్నారు" అంటూ మూడేళ్లు గడిపేసి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నా.

నోటీసుకు స్పందించకపోతే? మీ విషయంలో నేను నేరుగా దావాకు పోను. మొదట జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తాను. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పంపి మీ పెదనాన్నకు నోటీసు ఇస్తారు. మహిళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, అది 1987 చట్టం సెక్షన్ 12లోనే ఉంది. 15100 కి ఫోన్ చేస్తే మీ జిల్లా ఆఫీసు ఎక్కడో చెప్తారు. స్టేషన్ మెట్లెక్కనని భీష్మించుకున్న పెద్దవాళ్లు కూడా కోర్టు ఆవరణలో జడ్జి ముందు కూర్చుంటే మెత్తబడతారు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ ఉత్తర్వుకు, సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఒక్క జాగ్రత్త: అవార్డులో "వస్తువులు తిరిగి ఇస్తారు" అని రాయించుకుని రావొద్దు. మీ లిస్టును అనుబంధంగా పెట్టించి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి ముందు ఇస్తారో రాయించండి. లేకపోతే అమలు పిటిషన్ వేసినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది. గృహ హింస చట్టం, 2005 అనగానే భర్త, అత్తమామలే గుర్తొస్తారు. కానీ రక్తసంబంధంతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. ఆస్తి, నగలు ఇవ్వకుండా ఆపడం ఆర్థిక హింస కింద వస్తుంది. సెక్షన్ 19(8) కింద స్త్రీధనమే కాదు, ఆమెకు హక్కున్న ఏ ఆస్తినైనా తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. పోలీసుల సాయం కూడా ఇప్పించవచ్చు. ఎవరి మీద అర్జీ వేయవచ్చో చెప్పే నిర్వచనంలోని "వయోజన పురుషుడు" అనే మాటను 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి పెద్దమ్మను కూడా చేర్చవచ్చు. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది, మీరిప్పుడు ఉంటున్న ఊళ్లోనే అర్జీ వేసుకోవచ్చు, తాత్కాలికంగా ఉంటున్నా సరే. మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో రావాలని చట్టం అంటుంది. అరవై రోజుల్లో అయిపోతుందని నేను మాట ఇవ్వను, సివిల్ దావా కన్నా వేగంగా కదులుతుందని మాత్రం చెప్పగలను. ఇది మహిళలకు మాత్రమే. మీలాగే ఇరుక్కున్న అబ్బాయిలు ఎవరైనా చదువుతుంటే మీకు ముందు లోక్ అదాలత్, తర్వాత సివిల్ దావా.

పోలీసుల మాటకొస్తే, వాళ్లు పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. నమ్మి అప్పగించిన వస్తువును కాజేయడం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరం, 5 ఏళ్ల వరకు శిక్ష. కానీ అప్పగించినట్టు, కాజేసే ఉద్దేశం ఉన్నట్టు రెండూ చూపించాలి. లిస్టు లేకుండా, నోటీసు లేకుండా వెళ్లి "ఇవ్వట్లేదు" అంటే ఎస్‌ఐకి అది ఇంటి గొడవలాగే కనిపిస్తుంది. అవి రెండూ చేతిలో పెట్టుకుని వెళ్తే మాట మారుతుంది. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపడం, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లడం అనే దారి ఉంది. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. పోలీసులు స్వాధీనం చేసుకున్న నగ నేరుగా మీ చేతికి రాదు. అది కోర్టుకు వెళ్తుంది, మీరు మళ్లీ పిటిషన్ వేసి తెచ్చుకోవాలి. వస్తువు కావాలనుకునేవాళ్లకు కేసు పెట్టడం దగ్గరి దారి కాదు. నగలు అమ్మేస్తున్నారని, కరిగిస్తున్నారని తెలిస్తే మాత్రం ఆలోచించకుండా వెళ్లండి.

సివిల్ దావా చివరి దారి. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్లు దీనికోసమే. వెల కట్టలేనివి అన్నాను చూడండి, ఆల్బమ్‌లు, అమ్మ రాసిన ఉత్తరాలు, అవి ఇక్కడికి వస్తాయి. డబ్బు ఇస్తే సరిపోని వస్తువును, ఆ వస్తువునే ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. దావాతోపాటే వస్తువులు అమ్మకుండా ఇంజంక్షన్, అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు నియమించే వకీలును) పంపి ఇంట్లో ఏమున్నాయో రాయించే పిటిషన్ రెండూ వేయాలి. నా అనుభవంలో సగం కేసులు కమిషనర్ గుమ్మంలో నిలబడ్డ రోజే ముగిసిపోయాయి. కోర్టు ఫీజు వస్తువుల వెల మీద ఉంటుంది కాబట్టి లిస్టులో వెల ఊరికే పెంచి రాయకండి.

అన్నిటికన్నా చేయకూడనిది ఒకటుంది. వాళ్లు ఊళ్లో లేనప్పుడు తాళం తీసుకుని వెళ్లి తెచ్చుకోవడం. మీ వస్తువు మీరు తెచ్చుకుంటే దొంగతనం కాదు, నిజమే. పాత ఐపీసీలోనే ఒక ఉదాహరణ ఉండేది, ఇప్పుడూ ఉంది. బాగుచేయమని ఇచ్చిన తన వాచీని, బాకీ లేనివాడు షాపులోకి అందరి ముందే వెళ్లి బలవంతంగా లాక్కుంటే దొంగతనం కాదు. కానీ అక్రమ ప్రవేశం, దౌర్జన్యం కావచ్చు అని ఆ ఉదాహరణే అంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ కోసం మేనమామ ఇంటి గోడ దూకాడు. ల్యాప్‌టాప్ వచ్చింది, దాంతోపాటు రెండేళ్ల వాయిదాలు వచ్చాయి.

తీసుకునే రోజు ఒంటరిగా వెళ్లకండి. ఇద్దరికీ కావాల్సిన ఒక పెద్దమనిషిని, మీవైపు ఒకరిని తీసుకెళ్లండి. గొడవపడే అన్నయ్యలు, స్నేహితులు వద్దు. లిస్టు రెండు కాపీలు, ఒక్కో వస్తువు చూసి టిక్ పెట్టి, ఫొటో తీయండి. నగలు అక్కడే తూకం వేయించడం కుదరకపోతే ఫొటోలో గుర్తులు కనిపించేలా తీసి, అదే రోజు తూకం వేయించి చీటీ తీసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూడండి. ఆయన ఇచ్చే కాగితంలో "ఇక నాకు రావాల్సింది ఏమీ లేదు" అని ఉంటే సంతకం పెట్టొద్దు, ఖాళీ స్టాంపు కాగితం అయితే అసలు ముట్టుకోవద్దు. "ఈ రోజు 14 వస్తువులు ముట్టినవి, వరస సంఖ్య 3, 9, 11 ఇంకా రావాలి" అని మీ చేత్తో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. అన్నీ ఒకేసారి ఇవ్వనంటే ఇచ్చినవరకు తీసుకుని రండి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ ఉన్న ఫైలు మాత్రం మొదట అడగండి, బట్టల సంచులు తర్వాత.